కరువు కట్టిన చర్చి.. ఏరు ముంచే గుడి

డిసెంబర్ 24 సాయంత్రం సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో మెదక్ బస్సులో సీటు దొరికిందంటే పూర్వజన్మ సుకృతమే. కేకు డబ్బాలు, కొత్తబట్టల సంచులు, చంకలో నిద్రపోయే పిల్లలు. తెల్లవారుజాము ఆరాధనకు చేరుకోవాలని అందరికీ తొందరే. చలి తగ్గి శివరాత్రి వచ్చేసరికి అదే ప్లాట్‌ఫారం మీద, అదే ఊరి బస్సు కోసం ఇంకో గుంపు. ఈసారి సంచుల్లో ఒడిబియ్యం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు. ఏడుపాయల జాతరకు ప్రయాణం. ఇంకో గుంపు అన్నాను గానీ, పూర్తిగా ఇంకోటి కాదు. ఆ సంగతి కాసేపట్లో.

మెదక్ మనకు వంద కిలోమీటర్లలోపే. నర్సాపూర్ అడవి మీదుగా వెళ్లొచ్చు, మేడ్చల్, తూప్రాన్ మీదుగానూ వెళ్లొచ్చు. అయినా పట్నం వాళ్లు ఆ ఊరిని ఏడాదికి ఒకటి రెండుసార్లే తలుచుకుంటారు. పొద్దున వెళ్లి, చర్చి ముందు ఫొటో దిగి, సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఫొటో దిగితే తప్పేం లేదు. కానీ ఆ జిల్లాలోని గుళ్లనూ చర్చినీ కోటనూ ఒక్కొక్కటిగా చూస్తే అవి వట్టి రాళ్లే. వాటి మధ్య పారే మంజీరనూ, అక్కడి కరువులనూ కలిపి చూస్తేనే ఏ రాయి ఎందుకు లేచిందో అర్థమవుతుంది. ఆ సీమను జనం మెతుకుసీమ అంటారు. మెతుకు అక్కడ ఏనాడూ తేలిగ్గా దొరకలేదు.

కథ మాత్రం సికింద్రాబాద్‌లోనే మొదలైంది.

దండు నుంచి వెళ్లిన దొర

1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరు పుట్టుకతోనే దండు. ఇక్కడ దేవుళ్లు కూడా సిపాయిల వెంట వచ్చినవాళ్లే. ఇక్కడి పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో కొలువు చేస్తుండగా కలరా ప్రబలింది. గండం గడిస్తే ఊళ్లో గుడి కడతానని అమ్మవారికి మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో నిలిపిన అమ్మవారే నేడు లష్కర్ బోనాలు అందుకునే ఉజ్జయిని మహంకాళి. ఇది అందరికీ తెలిసిన కథ. అదే దండు నుంచి ఎనభై ఏళ్ల తర్వాత ఇంకొకరు ఎదురుదారిలో పల్లెకు వెళ్లారు. ఆయన కథ ఊళ్లో అంతగా చెప్పుకోరు.

చార్లెస్ వాకర్ పోస్నెట్. వెస్లియన్ మెథడిస్టు పాదిరి. 1895లో సికింద్రాబాద్ వచ్చి, తిరుమలగిరిలోని బ్రిటిష్ సైనికులకు ప్రార్థనలు చేయించే పనిలో చేరారు. పటాలం జీతం, బంగళా, వేళకు టీ. అక్కడే ఉండిపోతే సుఖంగా గడిచేది. ఆయనకు సరిపడలేదు. 1896లో మెదక్ చేరారు. అప్పటికి ఆ వైపు రైలు లేదు. గుర్రం మీద వెళ్లారని చెబుతారు. వెస్లియన్ మిషన్ 1870ల చివర్లోనే సికింద్రాబాద్‌లో అడుగుపెట్టింది గానీ, దాన్ని పల్లెల్లోకి లోతుగా తీసుకెళ్లింది ఈయనే. మెదక్‌లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘పోస్నెట్ దొర’ అంటారు. దొర అన్న మాట తెలంగాణలో ప్రేమతో పలికే సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఆయన వెళ్లేనాటికి అక్కడున్నది ఒక చిన్న ప్రార్థన మందిరం. పల్లెల నుంచి వచ్చే మాల, మాదిగ కుటుంబాలు పెరిగేకొద్దీ అది చాలకుండా పోయింది. పెద్ద చర్చి కట్టాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. పని 1914లో మొదలైంది. ఆ ఏడే యూరప్‌లో యుద్ధం. ఇక్కడేమో వానల్లేవు. పంటల్లేవు, పశువులకు మేత లేదు. ఊళ్లకు ఊళ్లు పొట్ట చేతపట్టుకుని వలస పోయే రోజులు.

పోస్నెట్ వట్టి ధర్మానికి గంజి పోయలేదు. పని చూపించారు, పనికి తిండి పెట్టారు. రాళ్లు కొట్టేవాళ్లు, మోసేవాళ్లు, సున్నం నూరేవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు.. ఆడామగా వందల మంది ఏళ్ల తరబడి ఆ ప్రాంగణంలో పనిచేసి ఇంత తిన్నారు. అందుకే ఈ చర్చిని కరువు కట్టింది అంటారు మెదక్‌లో. నాకది అతిశయంగా అనిపించదు. లక్నోలో 1784 కరువుకు అసఫుద్దౌలా బడా ఇమాంబాడా కట్టించి జనానికి కూడు పెట్టిన కథ దేశమంతా చెప్పుకుంటారు. మన గుమ్మం ముందే జరిగిన ఇలాంటి కథను మాత్రం గైడు నోట రెండు ముక్కల్లో విని ముందుకు సాగిపోతాం.

1924 డిసెంబర్ 25న చర్చిని ప్రతిష్ఠించారు. 2024 క్రిస్మస్‌కు సరిగ్గా నూరేళ్లు నిండాయి.

పొద్దుంటేనే వెలిగే బొమ్మలు

కొలతలు చెప్పేస్తాను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటగోపురం 175 అడుగులు. ఒకేసారి 5 వేల మంది కూర్చోవచ్చు. నమూనా గీసింది థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ అనే ఇంగ్లండ్ వాస్తుశిల్పి. ఆసియాలో ఇదే పెద్ద డయోసిస్ అనీ, ప్రపంచంలో వాటికన్ తర్వాత స్థానం దీనిదేననీ అక్కడ ప్రతి గైడూ చెబుతాడు. దేన్ని దేనితో కొలిచారో మాత్రం ఏ గైడూ చెప్పడు. గోపురం చార్మినార్ కంటే ఎత్తు పోతోందని నిజాంకు కోపం వచ్చిందని ఇంకో కథ. నిజానిజాలెలా ఉన్నా ఆ కథ చెప్పేటప్పుడు మెదక్ వాళ్ల మొహాల్లో కనిపించే గర్వం మాత్రం ముమ్మాటికీ నిజం.

బూడిదరంగు రాతి గోడల పక్కనుంచి లోపలికి అడుగుపెడితే ముందు కాళ్లకు చల్లదనం తగులుతుంది. నేలంతా రంగురంగుల మొజాయిక్ పలకలు. ఇంగ్లండ్ నుంచి ఓడల్లో తెప్పించినవి. వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారు. చదరం, నక్షత్రం, పువ్వు.. నూరేళ్ల నుంచి లక్షల పాదాలు తిరుగుతున్నా అంచులు చెదరని చోట్లు ఇంకా ఉన్నాయి. ఒక్కచోట వంగి రెండు పలకల మధ్య వేలు పెట్టి చూడండి, సందు చేతికి తగలదు. పైకప్పు లోపల బోలు పదార్థం వేసి శబ్దం మార్మోగకుండా కట్టారు. అంత పెద్ద హాలులోనూ బల్ల దగ్గర పలికిన మాట వెనక వరుసకు ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. మైకుల కాలంలో పుట్టిన మనకు అదంత గొప్ప సంగతిగా తోచదు గానీ, అప్పట్లో పాదిరికి ఉన్న ఆస్తి గొంతొక్కటే.

అసలు చూడాల్సినవి అద్దాల కిటికీలు. మూడు. బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, 1927లో పెట్టింది. పడమటి వైపు జననం, 1947. తూర్పున సిలువ, 1958. అంటే మొదటిది నిజాం పాలనలో, రెండోది దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, మూడోది ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వచ్చాయి. ముప్పై ఒక్క ఏళ్లలో రాజ్యాలు మారాయి గానీ చిత్రకారుడు మారలేదు. మూడింటినీ రూపొందించింది ఫ్రాంక్ సాలిస్‌బరీనే. ఇంగ్లండ్ రాజకుటుంబానికీ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కూ పటాలు గీసిన మనిషి, స్వయంగా మెథడిస్టు. రాజులను గీసిన అదే చేయి, రాళ్లు కొట్టి చర్చి కట్టిన కూలీల కళ్ల ముందు పశువులపాకలో పుట్టిన బిడ్డను నిలబెట్టింది.

అద్దాలకు రంగు బయటి నుంచి వేసింది కాదు, గాజులోనే ఉంటుంది. చిన్నచిన్న గాజుముక్కలను సీసం పట్టీలతో అతికించి బొమ్మ కడతారు. వెలుగు అటు నుంచి ఇటు రావాలి, అప్పుడే బొమ్మ లేస్తుంది. పొద్దున ఒక కిటికీ మండితే మధ్యాహ్నానికి ఇంకొకటి అందుకుంటుంది. ఆలస్యంగా చేరితే కాపలా మనిషి నవ్వి పంపించేస్తాడు. “పొద్దుమూకినంక ఏం గనవడది సార్, రేపు పొద్దుగాల రండ్రి.” లోపల ఎన్ని కరెంటు దీపాలు వేసినా రాత్రిపూట అవి నల్లటి గాజు పలకలే.

బోనం ఎత్తిన చర్చి సభ్యులు

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు వెస్లియన్ల ఈ మిషన్ ప్రాంతం మెదక్ డయోసిస్ అయింది. పేరు మెదక్‌దే గానీ కార్యాలయం సికింద్రాబాద్ లాన్సర్ లైన్స్‌లో. అంటే దొర వెళ్లిన దారినే దఫ్తరం తిరిగొచ్చింది.

మొదట్లో ఆపిన సంగతి ఇప్పుడు. 1968లో పి.వై. ల్యూక్, జాన్ కార్మన్ కలిసి మెదక్ డయోసిస్‌లోని జంగరాయి చుట్టుపక్కల పల్లె సంఘాల మీద ఒక అధ్యయనం అచ్చువేశారు. క్రైస్తవుడు అని రిజిస్టరులో రాసుకున్న మనిషి ఇంట్లో, వాడలో, పొలంలో ఎలా బతుకుతున్నాడో వెళ్లి కూర్చుని చూసిన పుస్తకం అది. ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లే ఊరి పండుగల్లోనూ కలుస్తారని, మశూచి వచ్చినా వాన రాకపోయినా గ్రామదేవత ముందు ఊరితోపాటే నిలబడతారని అందులో రాశారు. పట్నం పాదిరులకు ఇది చేదుగా తగిలి ఉంటుంది. నాకైతే అందులో కపటం కనిపించదు. మాలవాడలో, మాదిగవాడలో పుట్టినవాళ్లకు ఊరి దేవత దగ్గర చేయాల్సిన పనులు, డప్పు నుంచి బలి దాకా, తరాలుగా వాళ్ల మీద ఉన్నాయి. మతం మారినంత మాత్రాన ఊరు ఆ పనులు మాఫీ చేయలేదు. పైగా, వాన అందరికీ ఒకటే. అది పడకపోతే ఎండేది ఒక్క మతం వాళ్ల పొలం కాదు.

క్రిస్మస్‌కు చర్చి ప్రాంగణంలో చూడండి. నిండుగా బొట్టుతో వచ్చి కొవ్వొత్తి వెలిగించే ఆడవాళ్లకు లెక్క లేదు. పిల్లల కోసం మొక్కుకుంటారు, కొబ్బరికాయ కొట్టబోతే ఎవరో వారిస్తారు. చెట్ల కింద పొయ్యిలు, కోడికూర వాసన. దూరం నుంచి చూస్తే జాతర అనే అనుకుంటాం.

కోట మీద కొట్లు, కొల్చారంలో పండితుడు

ఊరి గుట్ట మీద కోట. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలం నాటిదని చెబుతారు. మొదటి ద్వారం మీద రెండు తలల గండభేరుండం, తర్వాత సింహద్వారం, ఆపైన గజద్వారం. ఎక్కేకొద్దీ చెమట, కిందికి చూస్తే చర్చి గోపురం. లోపల కుతుబ్‌షాహీల నాటి మసీదు, దానికి దగ్గర్లోనే ధాన్యం కొట్లు. మసీదు పక్కన గాదెలు కట్టినవాడికి ఈ సీమ సంగతి బాగా తెలుసు అనుకున్నాను. ముట్టడి వచ్చినా కరువు వచ్చినా ముందు అయిపోయేది గింజలే. అంతకు మించి కోట గురించి చెప్పడానికి అక్కడ మిగిలింది తక్కువ. పిచ్చిమొక్కలు, ప్రేమికుల పేర్లు, ఒక పాత ఫిరంగి.

మెదక్ నుంచి నర్సాపూర్ దారిలో కొల్చారం. బస్సు ఆగి, నలుగురు దిగి, వెళ్లిపోయే ఊరు. సంస్కృతం చదువుకున్న ప్రతివాడూ, ఎక్కడి వాడైనా, ఈ ఊరి మనిషికి రుణపడి ఉన్నాడు. కాళిదాసు మేఘసందేశానికీ రఘువంశానికీ కుమారసంభవానికీ సంజీవని, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘుడి శిశుపాలవధకు సర్వంకష.. ఈ వ్యాఖ్యలన్నీ రాసిన కోలాచల మల్లినాథసూరి ఇక్కడివాడేనని పండితుల మాట. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆదివారం సంచికలకు రాసేవాళ్లం ఆ నియమాన్ని గోడకు తగిలించుకోవచ్చు. ఆరు వందల ఏళ్లు గడిచినా కాశీలో, పుణెలో, జర్మనీలో కాళిదాసును చదివేవాళ్లు ముందు విప్పేది ఆయన వ్యాఖ్యనే. కొల్చారంలో బస్సు దిగినవాడికి మాత్రం ఆయన ఆనవాలు వెతికితే గానీ దొరకదు.

ఇదే ఊళ్లో బయటపడిన నల్లరాతి పార్శ్వనాథుడు తలపై పాముపడగలతో నిటారుగా నిలబడి ఉంటాడు. చుట్టూ జైనులు గుడి కట్టుకున్నారు. ఇప్పుడు ఊళ్లో జైన కుటుంబాలు వెతుక్కోవాల్సిందే, భక్తులు హైదరాబాద్ నుంచో గుజరాత్ నుంచో కార్లలో వస్తారు. ఒకప్పుడు ఈ నేల మీద జైనం ఎంత బలంగా ఉండేదో చెప్పడానికి ఆ ఒక్క విగ్రహం ఎత్తు చాలు.

ఏడుపాయల

మహారాష్ట్ర బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్, బీదర్ దాటి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చే మంజీర, నదులన్నీ తూర్పుకు పోతుంటే తను మాత్రం ఉత్తరానికి తిరుగుతుంది. అలా తిరిగాక, పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి పక్కన, పెద్దపెద్ద బండల మధ్య ఏడు పాయలుగా చీలుతుంది. మధ్యలో గుహలాంటి చోట వనదుర్గ.

జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేననీ, హోమగుండంలో బూడిదైన పాముల మీదుగా గరుత్మంతుడు నీళ్లు పారించాడనీ స్థలపురాణం. ఏడు పాయలకు ఏడుగురు ఋషుల పేర్లు. పురాణం అలా ఉంచి, వట్టి కళ్లతో చూసినా సరే, ఎండాకాలంలో ఆ బండలు చూస్తే నది ఇక్కడ ఎన్ని వేల ఏళ్లు రాయిని నాకిందో తెలుస్తుంది. గుండ్రటి గుంతలు, నునుపు అంచులు, నడుమ నిలిచిన నీళ్లలో చేపపిల్లలు.

శివరాత్రికి మూడు రోజుల జాతర. మొదటి రోజు ఉపవాసం, జాగారం. రెండో రోజు బండ్ల తిరుగుడు, చూడాల్సింది అదే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని వస్తారు. బండికి మామిడి మండలు, రంగు చీరలతో గుడారం, ఎడ్ల కొమ్ములకు రంగు, మెడల్లో గంటలు. ఏ ఊరి బండి ముందు, ఏది వెనక అన్నది ఆనవాయితీ ప్రకారమే. ఆ వరస తప్పితే కొట్లాటలు అయిన ఏళ్లున్నాయంటారు. డప్పులు, పోతరాజులు, శివసత్తుల పూనకాలు, దుమ్ము. ఎద్దు బెదిరితే పక్కనున్నవాడు గంగడోలు నిమిరి నిలబెడతాడు. ట్రాక్టర్లు వచ్చి పొలంలో ఎద్దులు తగ్గిపోయాయి, ఈ ఒక్కరోజు కోసం ఎడ్లను అరువు తెచ్చుకునే ఇళ్లూ ఉన్నాయి. మూడో రోజు రథోత్సవం. బండల మీదంతా యాటలు కోసి వండుకుతింటారు. ఆ మూడు రోజుల్లో ఏడుపాయల పల్లె కాదు, పట్నం.

వానాకాలంలో మాత్రం అమ్మవారు జనానికి దొరకదు. పైన వరద వస్తే పాయలు ఏకమై గర్భగుడిలోకి నీళ్లు చేరతాయి. గుడి మూసేస్తారు. ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురం దగ్గరికి తెచ్చి అక్కడే పూజలు. వరద తగ్గాక బురద ఎత్తి, కడిగి, మళ్లీ తలుపులు తీస్తారు. 2025 ఆగస్టులో కురిసిన వానలకు కూడా గుడి అలా రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. భక్తులు దీన్ని అమ్మవారికి గంగ చేసే అభిషేకం అంటారు. పేపర్లు ‘జలదిగ్బంధం’ అని రాస్తాయి.

గేటు ఎవరి చేతిలో

గుడికి ఎగువన కొద్ది దూరంలోనే ఘనపురం ఆనకట్ట. 1905 నాటిది. అటు మహబూబ్ నహర్, ఇటు ఫతే నహర్, రెండు కాలువల కింద 20 వేల ఎకరాలకు పైగా వరి. మెతుకుసీమ పేరు నిలబెట్టింది ఈ కాలువలే. జిల్లాలో గుళ్ల జాబితా రాసేవాళ్లు దీన్ని చేర్చరు. నన్నడిగితే చేర్చాలంటాను. చర్చి కట్టిన కూలీల మనవళ్లు, ఏడుపాయలకు బండి కట్టే రైతులు ఇద్దరూ తినేది ఈ నీటి బియ్యమే. చిత్రం, ప్రభుత్వం కూడా దీనికి వనదుర్గ ప్రాజెక్టు అని అమ్మవారి పేరే పెట్టింది.

ఆనకట్టలో నిలిచేది 0.2 టీఎంసీలే. తాగినంత తాగి మిగిలింది వదిలేయాల్సిందే. పంట చివర్లో తడి కావాలంటే పైనున్న సింగూరు నుంచి నీళ్లు రావాలి. సింగూరు సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు. దాన్ని కట్టిందే ముఖ్యంగా జంటనగరాల దాహం తీర్చడానికి. 1965లో మంజీర బరాజ్‌తో మొదలైన మన తాగునీటి పైపు 1990ల్లో సింగూరు దాకా పాకింది. అప్పటి నుంచి వాన వెనకాడిన ప్రతి ఏడూ ఒకటే పంచాయితీ. ఘనపురం రైతు ఎండుతున్న పొలం చూపించి రోడ్డెక్కుతాడు, ‘ఒక్క తడికి నీళ్లిడువుండ్రి’ అని. తాగునీటికే చాలవని పట్నం జవాబు. 1980లో ఇందిరాగాంధీని లోక్‌సభకు పంపిన ఊరు మెదక్. దాని పేరు పెట్టుకున్న జిల్లాకు కేంద్రమేమో 2016 అక్టోబర్ దాకా సంగారెడ్డిలో ఉండేది. 1900 ప్రాంతంలోనే సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు రైలు వేసినా, అక్కన్నపేట నుంచి మెదక్‌కు పదిహేడు కిలోమీటర్ల పట్టా పడేసరికి 2022 అయింది. పక్కనుంచి వెళ్లిపోయేవాటిని చూస్తూ నిలబడటం మెదక్‌కు అలవాటే.

2015లో సింగూరు, మంజీర రెండూ వట్టిపోయాయి. పట్నానికి ఆ పైపుల్లో నీళ్లు ఆగిపోయి, కృష్ణా, గోదావరి జలాలతో నెట్టుకొచ్చారు. ఘనపురం కాలువల్లో పశువులు మేశాయి. ఏడుపాయల బండల మధ్య స్నానానికి చారెడు నీళ్లు లేవు. మరుసటేడు సెప్టెంబర్‌లో వానలు విరుచుకుపడ్డాయి. సింగూరు నిండి గేట్లెత్తారు. వనదుర్గ గుడి మునిగింది, ఘనపురం మత్తడి దూకింది. పూజారులు ఉత్సవ విగ్రహం ఎత్తుకుని రాజగోపురం దగ్గరికి నడిచారు. కాలువల కింది రైతులు యాసంగి నారుమళ్లకు నాగళ్లు కట్టారు.